తూర్పు కనుమల గెడ్డ వరదలు

ఆంధ్ర–ఒడిశా సరిహద్దులోని మహేంద్రగిరి నుంచి గోదావరి ఒడ్డున పాపికొండల వరకు పరచుకున్న కొండసీమలో, ముసురు పట్టి రోజుల తరబడి వానలు విడవనప్పుడు చిన్న వాగులు గట్లు దాటి పొంగుతాయి. ఇవే గెడ్డ వరదలు. జూన్ నుంచి నవంబరు దాకా ఏటా వస్తాయి, కొన్ని గెడ్డలు ఒకే వానాకాలంలో పలుమార్లు పొంగుతాయి. ఒక్కో పొంగు కొన్ని గంటలు, మహా అయితే ఒకటి రెండు రోజులు నిలుస్తుంది. ముంపుకు గురయ్యే నేల తక్కువ. అయితే గెడ్డ దాటే చోట దారి తెగిపోతుంది. మన్యంలో చాలా ఊళ్లకు ఉన్నది ఒక్కటే దారి కాబట్టి, అది తెగితే బడి, సంత, రేషను డిపో, ఆసుపత్రి ఒకేసారి అందకుండా పోతాయి. పారిన నీటిని కొలిస్తే చిన్నవిగా తేలే ఈ వరదలు, ఆగిపోయిన బతుకును కొలిస్తే పెద్దవిగా కనిపించడానికి కారణం ఇదే.

పేర్లు, పరిధి

కొండవాగును శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల్లో గెడ్డ అంటారు. మత్స్యగెడ్డ, పెద్దగెడ్డ, వట్టిగెడ్డ, మేఘాద్రిగెడ్డ ఇలా పేరు పొందినవే. గోదావరి మన్యంలోనూ తెలంగాణలోనూ వాగు అనే మాట వాడుకలో ఉంది. పాములేరు, సోకిలేరు, బొడ్డేరు వంటి ఏర్లూ పరిమాణంలో ఈ కోవకే చెందుతాయి. ఈ వ్యాసం ప్రధానంగా కొన్ని చదరపు కిలోమీటర్ల నుంచి వంద, రెండు వందల చదరపు కిలోమీటర్ల వరకు పరీవాహక ప్రాంతం ఉన్న వాగులకు పరిమితం. నాగావళి, వంశధార, శబరి, గోదావరుల ప్రస్తావన ఈ వాగులతో ముడిపడినంత మేరకే ఉంటుంది.

పెద్ద నదుల వరదను కేంద్ర జల సంఘం నీటిమట్టాన్ని బట్టి వర్గీకరిస్తుంది. హెచ్చరిక స్థాయి దాటితే సాధారణం కంటే ఎక్కువ, ప్రమాద స్థాయి దాటితే తీవ్రం, అంతకుముందు నమోదైన అత్యధిక మట్టాన్ని అందుకుంటే లేదా దాటితే అత్యంత తీవ్రం. స్థానికంగా అమలయ్యే కొలమానాలూ ఉన్నాయి. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి, 48కి రెండో, 53కి మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. ఈ వర్గీకరణకు నదిలో కొలబద్ద, దాని పక్కన ఏళ్ల తరబడి రాసిపెట్టిన లెక్కలు కావాలి. కొండల్లోని గెడ్డల్లో అధిక భాగానికి ఆ రెండూ లేవు. అక్కడ జనం వాడే కొలత చప్టా, అంటే నీరు పైనుంచి పారేలా గెడ్డకు అడ్డంగా వేసిన దారి. చప్టా మీద నీరు పాదం మునిగేంత ఉందా, మోకాలి దాకా వచ్చిందా, నడుము దాటిందా అన్నదాన్ని బట్టే దాటడమో ఆగడమో నిర్ణయించుకుంటారు.

నేల, కొండ

తూర్పు కనుమలు పడమటి కనుమల్లా ఒకే గోడగా ఉండవు. నదులు అక్కడక్కడా కోసేసిన విడివిడి కొండల వరుసలివి. వాటిలో ఎత్తయిన భాగం ఉత్తరాంధ్ర, దక్షిణ ఒడిశాల్లో ఉంది. జిందగడ శిఖరం ఎత్తు సుమారు 1,690 మీటర్లు, ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో దేవమాలి 1,672 మీటర్లు, అరకు దగ్గరి గాలికొండ సుమారు 1,640 మీటర్లు. పాడేరు, అరకు పరిసరాలు వెయ్యి మీటర్లకు కాస్త అటూ ఇటూ ఎత్తులో ఉన్న పీఠభూమి. అక్కడి నుంచి తూర్పు అంచు మైదానంలోకి నిటారుగా దిగుతుంది.

ఈ కొండల మీద పడిన నీరు రెండు దిక్కులకు పోతుంది. తూర్పు వాలు మీది నీరు గోస్తని, శారద, వరాహ, తాండవ, చంపావతి వంటి పొట్టి నదుల్లో చేరి తొందరగా బంగాళాఖాతానికి చేరుతుంది. పీఠభూమి మీది నీరు మత్స్యగెడ్డ వంటి వాగుల ద్వారా మాచ్‌ఖండ్‌లో పడుతుంది. మాచ్‌ఖండ్ దిగువన సీలేరుగా మారి, శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిని చేరుతుంది. ఒకే ముసురు ఒక పక్క అనకాపల్లి మైదానంలో శారదను పొంగించి, మరో పక్క చింతూరు దగ్గర శబరి మట్టాన్ని పెంచడం ఇందువల్లనే సాధ్యమవుతుంది.

ఇక్కడి ముఖ్య శిలలు ఖోండలైటు, చార్నొకైటు. మొదటిదానికి ఈ కొండల్లోని కోందు గిరిజనుల పేరే పెట్టారు. ఖోండలైటు వానకు, ఎండకు సులభంగా శిథిలమై ఎర్రమట్టిగా మారుతుంది. వాలు మీద ఈ మెత్తని పొర, దాని అడుగున గట్టి రాయి ఉంటాయి. వాన నీరు పై పొరలోకి ఇంకి, రాయి తగిలాక పక్కకు మళ్లి, కొండ అడుగున ఊటగా బయటికి వస్తుంది. వేసవిలో కూడా కొన్ని గెడ్డలు ఎండకపోవడానికి ఈ ఊటలే ఆధారం. వానాకాలంలో వరదను వెంటనే రానీయకుండా ఆపేదీ, నిండిపోయాక ఒక్కసారిగా వదిలేదీ ఇదే పొర.

వాన తీరు

నైరుతి రుతుపవనాలు జూన్‌లో ప్రవేశిస్తాయి. మృగశిర, ఆరుద్ర కార్తెల వానలను ఎండిన నేల తాగేస్తుంది. గెడ్డల్లో ఎర్రనీరు కనిపించినా పొంగు అరుదు. జూలై, ఆగస్టు నెలల్లో బంగాళాఖాతంలో అల్పపీడనాలు, వాయుగుండాలు ఒకదాని వెంట ఒకటి ఏర్పడి వాయవ్యంగా కదులుతాయి. రుతుపవన కాలపు వాయుగుండాల్లో భారీ వాన ఎక్కువగా నైరుతి భాగంలో పడుతుంది. వాయుగుండం ఒడిశా తీరం దాటే వేళ ఆ భాగం కిందికి ఈ కొండలు వస్తాయి. తేమ గాలి వాలును ఎక్కుతూ చల్లబడి మరింత కురుస్తుంది. మఖ, పుబ్బ కార్తెలు వచ్చేసరికి నేల నానిపోయి ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాన్ల వంతు. అప్పటికి నేల తడి, జలాశయాల మట్టం రెండూ గరిష్ఠ స్థాయిలో ఉండటంతో ఆ వానలకు స్పందన తీవ్రంగా ఉంటుంది.

భారత వాతావరణ శాఖ 24 గంటల వానను ఉదయం 8.30 నుంచి మర్నాడు ఉదయం 8.30 దాకా లెక్కిస్తుంది. 15.6 నుంచి 64.4 మిల్లీమీటర్ల దాకా ఒక మోస్తరు వాన. 64.5 నుంచి 115.5 దాకా భారీ వర్షం. 115.6 నుంచి 204.4 దాకా అతి భారీ వర్షం. ఆపైన అత్యంత భారీ వర్షం. ముసురులో ఏ ఒక్క రోజు వానా భారీ హద్దును తాకకపోవచ్చు. రోజుకు 40, 50 మిల్లీమీటర్ల చొప్పున ఐదారు రోజులు కురిస్తే మొత్తం 200 నుంచి 300 మిల్లీమీటర్లవుతుంది. చివరి రోజు వాన మొదటి రోజు వానంతే ఉన్నా, మొదటి రోజు నిండని గెడ్డ చివరి రోజు చప్టా మీదుగా పారుతుంది. రోజువారీ వానను బట్టి ఇచ్చే హెచ్చరికల రంగులు మాత్రమే చూసేవారికి ఈ తేడా కనపడదు.

వరద పుట్టే తీరు

వాన నీరు నేల మీద పారడానికి రెండు ప్రధాన మార్గాలను జలశాస్త్రం గుర్తించింది. మొదటిది, నేల ఇంకించుకోగల వేగం కంటే వేగంగా వాన పడటం. అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ హోర్టన్ 1930ల్లో దీన్ని సూత్రీకరించాడు. గట్టిపడిన నేలల మీద, బండల మీద, రోడ్ల మీద కుండపోతగా కురిసినప్పుడు ఇది పనిచేస్తుంది. రెండోది, నేల లోపలి ఖాళీలన్నీ నీటితో నిండిపోయి ఇక ఒక్క చుక్కకూ చోటు లేకపోవడం. అప్పుడు వాన సన్నగా పడినా పడినంతా పైపైనే పారుతుంది. ముసురు వరదల్లో పెద్ద పాత్ర ఈ రెండోదానిదే.

నేల అంతటా ఒకేసారి నిండదు. ముందు గెడ్డ ఒడ్డు, లోయ అడుగు, ఊటల చుట్టూ ఉన్న పల్లపు భూములు నిండుతాయి. ముసురు సాగేకొద్దీ ఈ తడిసిన మేర వాలు వెంట పైకి పాకుతుంది. గెడ్డకు నీరిచ్చే నేల విస్తీర్ణం రోజురోజుకూ పెరుగుతుందన్నమాట. వాన పెరగకపోయినా వరద పెరగడానికి కారణం అదే.

ఒక ఉదాహరణ లెక్కతో దీన్ని తేలిగ్గా పోల్చుకోవచ్చు. ఒక చదరపు కిలోమీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 1,000 ఘనపు మీటర్ల నీరు. 20 చదరపు కిలోమీటర్ల పరీవాహకం ఉన్న గెడ్డ మీద 100 మిల్లీమీటర్లు కురిస్తే 20 లక్షల ఘనపు మీటర్లు. పొడి నేల మీద అందులో పదోవంతు మాత్రమే ఆరు గంటల్లో పారిందనుకుంటే సగటు ప్రవాహం సెకనుకు 9 ఘనపు మీటర్లు, అంటే 330 క్యూసెక్కుల లోపు. నానిన నేల మీద సగం పారితే 46 ఘనపు మీటర్లు, అంటే 1,600 క్యూసెక్కులకు పైన. వాన అదే, గెడ్డ అదే, వరద మాత్రం ఐదింతలు. 15 మీటర్ల వెడల్పున్న గెడ్డలో ఈ నీరు సెకనుకు రెండున్నర మీటర్ల వేగంతో పారితే లోతు మనిషి నడుము దాటుతుంది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ అంకె పక్కన 1,600 క్యూసెక్కులు లెక్కలోకే రావు. ఆ గెడ్డను దాటాల్సిన మనిషికి మాత్రం ప్రాణం తీయడానికి అది చాలు.

పొంగు నడక

గెడ్డ ప్రవాహాన్ని కాలంతోపాటు గీస్తే వచ్చే జలరేఖ ఎక్కే వైపు నిటారుగా, దిగే వైపు వాలుగా ఉంటుంది. పరీవాహకం చిన్నది, వాలు ఎక్కువ కాబట్టి పైన కొండ మీద కురిసిన గట్టి వాన ఒకటి రెండు గంటల్లో కింద చప్టా దగ్గర తెలుస్తుంది. గట్టి జల్లు ఆగాక పొంగు కూడా గంటల్లోనే తీస్తుంది. కానీ నానిన కొండ నుంచి ఊట దిగుతూనే ఉంటుంది కనుక మట్టం మామూలు స్థితికి రావడానికి రోజులు పడుతుంది. ఈలోగా మరో జల్లు పడితే అంతకుముందు కంటే త్వరగా మళ్లీ పొంగుతుంది.

ప్రమాదకరమైన పరిస్థితి ఒకటుంది. కొండ మీద కురిసే వాన కింద ఊరికి కనపడకపోవచ్చు. ఊళ్లో తెరిపిచ్చి ఎండ కాస్తున్న వేళ గెడ్డ పొంగవచ్చు. తేటగా ఉన్న నీరు ఎర్రబారడం, ఆకులు, పుల్లలు కొట్టుకురావడం, రాళ్లు దొర్లే చప్పుడు పెరగడం పైనుంచి నీరు వస్తోందనడానికి గుర్తులు. కూలిన చెట్లు, వెదురు బొంగులు ఇరుకు చోట అడ్డుపడి నీటిని నిలిపి, అడ్డు తెగగానే ఒక్క ఉదుటున వదలడం కూడా జరుగుతుంది.

వేగం రెట్టింపయితే నీటి తోపుడు నాలుగింతలవుతుంది. 15 సెంటీమీటర్ల లోతున వడిగా పారే నీరు పెద్దవారిని పడదోయగలదని, 30 సెంటీమీటర్ల నీరు చిన్న కారును, 60 సెంటీమీటర్ల నీరు పెద్ద వాహనాలను కూడా కొట్టుకుపోయేలా చేయగలదని అమెరికా జాతీయ వాతావరణ సేవ ప్రచారం చేస్తుంది. కొండగెడ్డల్లో రాళ్లు, దుంగలు కూడా నీటితో వస్తాయి కాబట్టి ఇక్కడ ఆ కొలతలను ఇంకా తగ్గించి చూసుకోవాలి.

ప్రాంతాలవారీగా

ఉత్తర భాగం: మహేంద్రగిరి కొండల్లో పుట్టే మహేంద్రతనయ, సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం మన్యం నుంచి దిగే వాగులు ఈ భాగంలోనివి. వీటిలో కొన్ని వంశధారలోకి, కొన్ని నాగావళిలోకి చేరతాయి. నాగావళి ఉపనదులైన సువర్ణముఖి, వేగావతి పొంగినప్పుడు వాటిలో కలిసే చిన్న గెడ్డల నీరు వెనక్కి తన్ని పొలాల్లో నిలుస్తుంది. వట్టిగెడ్డ, పెద్దగెడ్డల మీద సాగునీటి జలాశయాలు ఉన్నాయి.

అనంతగిరి–పాడేరు భాగం: అనంతగిరి కొండల్లో పుట్టే గోస్తని బొర్రా గుహల గుండా సాగి, తాటిపూడి జలాశయం మీదుగా భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. శారద కూడా ఈ కొండల బిడ్డే. రైవాడ, కోనాం, పెద్దేరు, కల్యాణపులోవ, తాండవ జలాశయాలు కొండ అంచున ఉండి గెడ్డల నీటిని పడతాయి. అవి నిండి గేట్లు ఎత్తినప్పుడు మైదానంలో పొంగుకు ఆ నీరూ తోడవుతుంది. పీఠభూమి మీద మత్స్యగెడ్డ, దాని పాయలు ముంచింగిపుట్టు, పెదబయలు వైపు ఊళ్లను వానాకాలంలో విడదీస్తాయి. డుంబ్రిగుడ దగ్గరి చాపరాయి వంటి సందర్శక స్థలాల్లో బండల మీద పారే నీరు పలచగా కనిపించి మోసం చేస్తుంది. ఉద్ధృతి పెరిగినప్పుడు ఇలాంటి చోట్లకు రాకుండా అధికారులు ఆంక్షలు పెడతారు.

గోదావరి మన్యం: మారేడుమిల్లి దగ్గర పాములేరు, రంపచోడవరం వైపు సీతపల్లి వాగు, చింతూరు–వి.ఆర్.పురం మధ్య సోకిలేరు ఈ భాగంలో తరచూ వార్తల్లో వినిపించే పేర్లు. ఇక్కడ గెడ్డ వరదకు మరో కారణం తోడవుతుంది. గోదావరి నిండుగా ఉన్నప్పుడు శబరి నీరు దిగక వెనక్కి తన్నుతుంది, శబరిలో కలిసే వాగులూ ఎగదన్నుతాయి. దీన్ని ఎగపోటు అంటారు. స్థానికంగా వాన లేకపోయినా, ఎక్కడో మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్‌లలో కురిసిన వానకు చింతూరు దగ్గర చప్టాలు రోజుల తరబడి మునిగి ఉండటానికి ఈ ఎగపోటే కారణం. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు శబరి తీరంలో ఇదే జరిగింది. 1986 ఆగస్టులో నమోదైన 75.6 అడుగుల తర్వాత అక్కడ అదే అత్యధిక మట్టం.

చెప్పుకోదగ్గ సందర్భాలు

2012 అక్టోబరు చివర తమిళనాడు తీరం దాటిన నీలం తుపాను బలహీనపడ్డాక దాని అవశేషం నవంబరు మొదట్లో కోస్తాంధ్రను రోజుల తరబడి వానలతో తడిపింది. విశాఖ జిల్లాలో కొండల నుంచి దిగే శారద, వరాహలతోపాటు చిన్న గెడ్డలూ పొంగి రోడ్లు, పొలాలు దెబ్బతిన్నాయి. తుపాను ఎక్కడ తీరం దాటిందన్నదాని కంటే దాని తేమ ఎక్కడ, ఎన్నాళ్లు నిలిచిందన్నది ముఖ్యమని చూపిన సందర్భమిది.

2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుపాను నేరుగా అరకు కొండల మీదికి వెళ్లింది. కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు పెద్ద సంఖ్యలో కూలాయి. ఇరుకు చోట గెడ్డలకు అడ్డుపడేవి ఇలా కూలిన చెట్లే. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను వంశధార, మహేంద్రతనయలకు వరద తెచ్చింది. 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం చేరిన గులాబ్ తుపాను ఉత్తరాంధ్ర అంతటా గెడ్డలను పొంగించింది. 2024 సెప్టెంబరు రెండో వారంలో వాయుగుండం వానలకు గూడెంకొత్తవీధి మండలంలో కొండచరియలు విరిగిపడి ఇళ్లు దెబ్బతిన్నాయి. నానిన వాలు నీటినే కాదు, మట్టినీ కిందికి వదులుతుందనడానికి ఇది తాజా ఉదాహరణల్లో ఒకటి.

చిన్న వాగు పెద్ద విపత్తుగా మారిన సందర్భాలు తూర్పు కనుమల ఇతర భాగాల్లోనూ, తెలంగాణలోనూ ఉన్నాయి. 2021 నవంబరులో శేషాచలం, దాని పరిసర కొండల వానలకు పింఛా, అన్నమయ్య జలాశయాల కట్టలు తెగి చెయ్యేరు తీరంలో ప్రాణనష్టం జరిగింది. 2023 జూలై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ వానలకు మోరంచవాగు మోరంచపల్లిని, జంపన్నవాగు కొండాయి గ్రామాన్ని ముంచాయి. 2024 జూలైలో అశ్వారావుపేట మండలంలోని పెద్దవాగు ప్రాజెక్టుకు గండి పడి దిగువన ఆంధ్రప్రదేశ్‌లోని వేలేరుపాడు మండలం దాకా ఊళ్లు దెబ్బతిన్నాయి. అదే ఏడాది సెప్టెంబరులో మైలవరం కొండల్లో పుట్టే బుడమేరు విజయవాడలో పెద్ద భాగాన్ని రోజుల తరబడి ముంచింది. అసాధారణ వాన, నిండిన నేల, తెగిన కట్ట, ఇరుకైన దారి వీటిలో రెండు మూడు కలిసినప్పుడే చిన్న వాగు ఈ స్థాయికి చేరుతుంది.

జీవనం మీద ప్రభావం

అన్నిటికంటే ముందు దెబ్బతినేది రాకపోక. వైద్య అవసరం వచ్చినప్పుడు దీని తీవ్రత బయటపడుతుంది. రోడ్డు లేని కొండ శిఖర గ్రామాల నుంచి రోగులను, గర్భిణులను డోలీలో మోసుకుని అంబులెన్సు ఆగే చోటికి చేర్చడం మన్యంలో ఏడాది పొడుగునా కనిపించేదే. గెడ్డ పొంగితే ఆ డోలీ కూడా ఒడ్డున ఆగాలి, లేదా మోసేవారు ప్రాణాలకు తెగించి నీటిలో దిగాలి. వారానికోసారి జరిగే సంతకు వెళ్లలేకపోతే పండించినది అమ్ముడుపోదు, ఉప్పు, నూనె ఇంటికి రావు. అవతలి ఒడ్డు నుంచి రావాల్సిన ఉపాధ్యాయుడు రాలేకపోతే బడి మూతపడుతుంది.

ఆరోగ్యం మీద ప్రభావం వరద తీశాక మొదలవుతుంది. కొండ ఊళ్లలో చాలామంది ఊటనీటి మీద, కొండ మీది ఊట నుంచి గొట్టాల ద్వారా వాలుకు దించే గ్రావిటీ పథకాల మీద ఆధారపడతారు. పొంగులో ఊటగుంటల్లోకి బురదనీరు చేరి అతిసారం ప్రబలుతుంది. గుంటల్లో నిలిచిన నీటిలో దోమలు పెరిగి మలేరియా కేసులు ఎక్కువవుతాయి.

సాగులో ఎక్కువ నష్టపోయేది లోయ అడుగున మడులు కట్టి వరి వేసినవారు. పొంగు గట్లను కోస్తుంది, మడిలో ఇసుక, గులకరాళ్లు మేట వేస్తుంది. మేట తీయకపోతే ఆ మడి ఒకటి రెండు పంటలకు పనికిరాదు. వాలు మీది చోడి, సామ వంటి మెట్ట పంటలకు వరద తగలదు కానీ వాటి కింది పైమట్టి కొట్టుకుపోతుంది. ఈ నష్టాలు ఊరికి కొన్ని సెంట్లు, కొన్ని ఎకరాల చొప్పున చెదిరి ఉండటంతో పెద్ద వరదల నష్ట గణనలో చోటు దక్కించుకోవడం కష్టం.

కట్టడాల్లో ముందుగా పోయేవి కల్వర్టుల అప్రోచ్‌లు, చప్టాల అంచులు. చప్టా మీదుగా దూకిన నీరు దిగువ అంచు కింద మట్టిని తవ్వేసి కాంక్రీటు పలకను గాలిలో వేలాడదీస్తుంది. నీరు తీశాక పైకి బాగానే కనిపించే ఇలాంటి చప్టా బరువు వాహనం ఎక్కితే కూలుతుంది. ఇనుప ఖనిజాన్ని బైలదిల్లా గనుల నుంచి విశాఖకు చేర్చే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో వానాకాలంలో చరియలు పడి రైళ్లు ఆగిపోవడం మామూలు.

మనుషుల పాత్ర

వానను మనిషి ఆపలేడు కానీ అది గెడ్డను ఎంత త్వరగా చేరుతుందన్నది కొంతవరకు మనిషి చేతిలో ఉంది. దట్టమైన అడవి నేలలో ఆకుచెత్త, వేళ్లు, పురుగులు చేసిన రంధ్రాలు నీటిని ఇంకనిస్తాయి. పోడు కోసం నరికిన వాలు మీద, మళ్లీ చెట్టు పెరగడానికి తగినంత విరామం ఇవ్వనప్పుడు, నేల గట్టిపడి నీరు పైపైన పారుతుంది. అడవి చిన్న, మధ్యస్థ వానల పొంగును గణనీయంగా తగ్గిస్తుంది. ఐదారు రోజుల ముసురుకు నేల పూర్తిగా నిండాక ఆ ఉపకారం తగ్గుతుంది. అప్పుడు కూడా వాలు మీది మట్టిని పట్టి ఉంచేది వేళ్లే.

కొండ రోడ్లు మరో కారణం. వాలును అడ్డంగా కోసి వేసిన రోడ్డు నేల లోపల మెల్లగా దిగుతున్న నీటిని బయటికి రప్పించి పక్క కాలువలోకి మళ్లిస్తుంది. వాలు మీద పది చోట్ల విడివిడిగా దిగాల్సిన నీరు ఒక్క కల్వర్టు దగ్గర పోగవుతుంది. కల్వర్టు గొట్టం చిన్నదైతే, లేదా కొమ్మలతో పూడిపోతే, నీరు రోడ్డునే కాలువ చేసుకుంటుంది.

అంచనా, హెచ్చరిక

పెద్ద నదిలో ఎగువ కేంద్రం కొలత చూసి దిగువకు ఒకటి రెండు రోజుల ముందే చెప్పవచ్చు. గెడ్డకు ఆ వ్యవధి లేదు. ఎగువన కొలిచి చెప్పేలోపే నీరు వచ్చేస్తుంది. కాబట్టి ఇక్కడ అంచనా నది మట్టం మీద గాక, పడబోయే వాన, ఇప్పటికే నేలలో ఉన్న తడి అనే రెంటి మీద ఆధారపడాలి. 2020 అక్టోబరులో భారత వాతావరణ శాఖ ప్రారంభించిన దక్షిణాసియా ఆకస్మిక వరద మార్గదర్శక వ్యవస్థ ఈ సూత్రం మీదే పనిచేస్తుంది. భారత్, బంగ్లాదేశ్, భూటాన్, నేపాల్, శ్రీలంకలకు ఉద్దేశించిన ఈ వ్యవస్థ చిన్న పరీవాహకాలవారీగా ఆరు గంటల ముందు ముప్పును, 24 గంటల ముందు అవకాశాన్ని సూచిస్తుంది. నేల ఇంకా ఎంత వానను తట్టుకోగలదో లెక్కగట్టి, పడబోయే వాన దాన్ని మించుతుందా అని చూడటం దీని పద్ధతి.

ఈ సూచన కొండ మీది ఊరికి చేరడం వేరే సమస్య. ఫోన్ సిగ్నల్ అందని ఊళ్లు మన్యంలో ఇంకా ఉన్నాయి. అలాంటి చోట ఊళ్లోనే వాన కొలిచే డబ్బా పెట్టి, వరుసగా మూడు రోజుల మొత్తం ఒక హద్దు దాటితే చప్టా దాటకూడదన్న నియమం పెట్టుకోవడం తక్కువ ఖర్చుతో అయ్యే పని. చప్టా పక్కన అడుగుల గుర్తులు వేసిన స్తంభం నాటితే నీటి లోతును రాత్రిపూట కూడా టార్చిలైటుతో చూడవచ్చు.

కట్టడాలు, సన్నద్ధత

గెడ్డ మీద దారి వేయడానికి మూడు పద్ధతులున్నాయి. నీరు పైనుంచి పారేలా వేసే చప్టాకు ఖర్చు తక్కువ, కానీ పొంగిన ప్రతిసారీ దారి మూతపడుతుంది. గొట్టాలు పెట్టిన కాజ్‌వే చిన్న పొంగులను దాటనిస్తుంది, గొట్టాలు పూడితే ఆనకట్టలా మారి పైవైపు ముంపు తెస్తుంది. హైలెవల్ వంతెన అన్నిటికంటే నమ్మదగినది, ఖర్చూ ఎక్కువే. ఏ ఊరికి ఏది అన్నది జనాభాను బట్టే నిర్ణయిస్తే వంద మంది ఉన్న కొండ ఊరికి వంతెన ఎప్పటికీ రాదు. ఏడాదిలో ఎన్ని రోజులు దారి తెగుతోంది, ప్రత్యామ్నాయ దారి ఉందా, ఆసుపత్రి ఎంత దూరం అనేవి కూడా కొలమానంలోకి వస్తే ప్రాధాన్యాలు మారతాయి. మనుషులు నడిచి దాటేందుకు ఇరుకైన కాలివంతెన కట్టినా, డోలీ దాటడానికి అది సరిపోతుంది.

కట్టడం లేని చోట ముందు జాగ్రత్తే ఆధారం. ముంపు మండలాల్లో వానాకాలానికి ముందే రేషను సరుకులను ఊళ్లకు చేర్చి నిల్వ చేస్తారు. ప్రసవ తేదీ దగ్గరపడిన గర్భిణులను ఆసుపత్రికి దగ్గరలోని వసతి కేంద్రాలకు ముందుగానే తరలించే ఏర్పాటు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థల పరిధిలో ఉంది. వాలుల మీద సమోన్నత కందకాలు, రాతికట్టలు, చెక్ డ్యాములు పొంగు వేగాన్ని కొంత తగ్గించి మట్టిని నిలుపుతాయి. ముసురు చివరి రోజుల్లో అవీ నిండిపోతాయి కాబట్టి వీటిని దారి సమస్యకు పరిష్కారంగా లెక్కించకూడదు.

పొంగు చేసే మేలు

ఏటా వచ్చే చిన్న పొంగులు గెడ్డను శుభ్రం చేస్తాయి. వేసవిలో మడుగుల్లో కుళ్లిన ఆకును ఊడ్చుకుపోయి, గులకరాళ్ల మధ్య పేరుకున్న ఒండ్రును కడుగుతాయి. తొలి పొంగులకు చేపలు ఏటికి ఎదురెక్కి గుడ్లు పెడతాయి. వెదురు బుట్టలతో వాటిని పట్టుకోవడం కొండ ఊళ్లకు వానాకాలపు ఆహారంలో భాగం. పొంగు పరిచిన పల్చటి ఒండ్రు లోయ మడులకు సత్తువ. కొండ అంచు జలాశయాలు నిండేదీ, మైదానంలో ఖరీఫ్ ఆయకట్టుకు నీరందేదీ ఈ నీటితోనే. గెడ్డలను పూర్తిగా కట్టేయాలన్న ఆలోచనకు ఈ కారణాల వల్ల మద్దతు లేదు.

మారుతున్న వాన

మధ్య భారతంలో 1950 నుంచి 2015 మధ్య విస్తృత ప్రాంతంపై కురిసే అతి తీవ్ర వాన సంఘటనలు మూడింతలు పెరిగాయని పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రవేత్త రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2017లో ప్రచురించింది. వేడెక్కిన గాలి ప్రతి డిగ్రీకి సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టగలదు. కొండవాలు మీద ఆ తేమ కురిసినప్పుడు గంటల వాన తీవ్రత పెరుగుతుంది. పాత వాన లెక్కల ఆధారంగా కొలత పెట్టిన కల్వర్టులు, చప్టాలు దానికి చాలకపోవచ్చు.

వీటిని కొత్త కొలతలతో కట్టాలంటే ముందు గెడ్డ ఎంత పొంగుతుందో తెలియాలి. కొలబద్ద లేని గెడ్డల్లో ఇంజినీర్లు ఇప్పటికీ పరీవాహక విస్తీర్ణం, వాలు, వాన ఆధారంగా సూత్రాలతో ప్రవాహాన్ని అంచనా వేస్తారు, ఒడ్డున చెట్లకు చిక్కిన చెత్త ఎత్తును చూసి సరిచూసుకుంటారు. ప్రతి చప్టా దగ్గర నీరు ఏ రోజు ఎంత ఎత్తున, ఎన్ని గంటలు నిలిచిందో పంచాయతీ సచివాలయంలో నమోదు చేస్తే పదేళ్లలో ఆ గెడ్డకు సొంత చరిత్ర తయారవుతుంది. వంతెన అడిగే ఊరికి, మంజూరు చేయాల్సిన అధికారికి, కొలత నిర్ణయించే ఇంజినీరుకు ముగ్గురికీ పనికొచ్చేది ఆ లెక్కే.